లా గ్రాండ్ ఇల్యూజన్: ఏ కాపీ కొనాలి, ఏది వదిలేయాలి

జాఁ రెన్వార్ 1937లో తీసిన 'లా గ్రాండ్ ఇల్యూజన్' నేను మొదటిసారి చూసింది ఎక్కడి నుంచి ఎక్కించారో తెలియని ఒక డీవీడీలో. అందులో ఆకాశం తెల్లగా ఉంది, మంచు తెల్లగా ఉంది, మనుషుల ముఖాలు కూడా తెల్లగానే ఉన్నాయి. సబ్‌టైటిల్స్ బొమ్మలోనే అచ్చయిపోయాయి. అవీ తెల్లవే, అందుకని చివర మంచులో నడిచే సీన్‌లో ఒక్క అక్షరం కనబడలేదు. సినిమా అయ్యాక నాకు కథ గుర్తుంది, బొమ్మ ఒక్కటీ గుర్తులేదు. చాలా ఏళ్ళ తర్వాత మంచి బ్లూరేలో చూసినప్పుడు తెలిసింది, ఆ రోజు నేను చూసింది ఆ సినిమా కాదని.

అందుకే ఎవరైనా "ఈ సినిమా చూద్దామనుకుంటున్నాను, ఏ కాపీ తీసుకోను?" అని అడిగితే నాకు చాలా ఇష్టంగా ఉంటుంది. జవాబు ముందే చెప్పేస్తాను. ఫ్రెంచ్ సినిమా సంస్థ స్టూడియోకెనాల్ 2012లో తెచ్చిన పునరుద్ధరణ ఉన్న బ్లూరే తీసుకోండి. పాత గొప్ప సినిమాలను డిస్కులుగా తెచ్చే అమెరికా కంపెనీ క్రైటీరియన్ 1999లో వేసిన డీవీడీ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే దాన్ని రెండోదిగా దాచుకోండి. మిగతా చవక డిస్కుల జోలికి వెళ్ళకండి. ఎందుకో చెప్పాలంటే ముందు ఈ సినిమా నెగెటివ్ కథ చెప్పాలి. ఏ డిస్క్ మంచిదో తేల్చేది ఆ కథే.

నెగెటివ్ తిరిగొచ్చిన దారి

సినిమా మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ల చేతికి చిక్కిన ఫ్రెంచ్ సైనికుల గురించి. జాఁ గాబాఁ, పియేర్ ఫ్రెనే, ఎరిక్ ఫాన్ స్ట్రోహైమ్, మార్సెల్ దాలియో నటించారు. శత్రువును మనిషిగా చూపించిన సినిమా కాబట్టి హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్‌కు దీని మీద పట్టరాని కోపం. 1940లో జర్మన్లు పారిస్‌లోకి వచ్చాక నెగెటివ్‌ను స్వాధీనం చేసుకున్నారు. అది యుద్ధంలో, బాంబు దాడిలో కాలిపోయిందని అందరూ అనుకున్నారు. నిజానికి అది బెర్లిన్‌లోని జర్మన్ ఫిల్మ్ ఆర్కైవ్‌కు చేరింది. 1945లో బెర్లిన్ సోవియట్ సైన్యం చేతికి వచ్చినప్పుడు ఆ ఆర్కైవ్ సరుకుతో పాటు మాస్కో వెళ్ళింది. 1960లలో సినిమాల మార్పిడిలో భాగంగా ఫ్రాన్స్‌లోని తులూజ్ సినిమాటెక్‌కు, అంటే అక్కడి సినిమాల భాండాగారానికి, వచ్చింది. ఆ డబ్బాల్లో ఉన్నది అసలు కెమెరా నెగెటివ్ అని ఎవరూ గమనించలేదు. 1990ల మొదట్లో నైట్రేట్ ఫిల్మును (తేలికగా అంటుకునే పాత రకం ఫిల్ము) పారిస్ దగ్గరి బ్వా దార్సీలో ఉన్న ప్రభుత్వ ఆర్కైవ్‌కు తరలిస్తున్నప్పుడు బయటపడింది. రెన్వార్ 1979లోనే చనిపోయాడు. తన నెగెటివ్ బతికే ఉందని ఆయనకు తెలియదు.

ఈలోగా ఆయన ఊరికే కూర్చోలేదు. యుద్ధం తర్వాత కోతలు పడిన రూపంలో సినిమా తిరుగుతుంటే, దొరికిన వాటిని కూడగట్టి 1958లో పూర్తి నిడివితో మళ్ళీ విడుదల చేశాడు. 1990లకు ముందు ప్రపంచంలో ఎవరు ఏ క్యాసెట్ చూసినా, ఏ లేజర్ డిస్క్ చూసినా, అది ఇలాంటి కాపీల నుంచి తీసిన కాపీయే.

కాపీకి కాపీ అంటే ఏమిటో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. గోడ మీద దండ వేసిన తాతగారి ఫోటో చూడండి. ఎవరి పెళ్ళిలోనో తీసిన గ్రూప్ ఫోటోలోంచి ఆయన్ని కత్తిరించి, పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి ఉంటారు. దాన్ని ఎవరో ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపిస్తే, చివరికి మనకు మిగిలేది తలపాగా, మీసం, రెండు నల్లటి చుక్కలు. తాతగారి కళ్ళలో ఏముందో ఆ మొదటి ఫోటోకే తెలుసు. సినిమాకు ఆ మొదటి ఫోటో కెమెరా నెగెటివ్. దాని నుంచి పాజిటివ్, పాజిటివ్ నుంచి డూప్ నెగెటివ్, దాని నుంచి హాలుకు వెళ్ళే ప్రింట్. ఒక్కో మెట్టు దిగేకొద్దీ నలుపుకీ తెలుపుకీ మధ్య ఉండే బూడిద ఛాయలు చచ్చిపోతాయి. ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ పెట్టినా పోయిన ఛాయ తిరిగిరాదు.

కాబట్టి డిస్క్ కవర్ మీద 'రీస్టోర్డ్' అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా దానికి విలువ ఇవ్వకండి. దేని నుంచి చేశారు అన్నదే అడగండి.

1999 డీవీడీ

క్రైటీరియన్ డిస్కుల వరసలో దీనిది 1వ నంబరు. కానీ అది ముందుగా రాలేదు. దొరికిన నెగెటివ్ నుంచి కొత్త పునరుద్ధరణ జరుగుతోందని తెలిసి ఆపుకుని, చివరికి 1999లో విడుదల చేశారు. అలా ఆగడం గొప్ప నిర్ణయమని నా అభిప్రాయం. సినిమా మొదటిసారి దాని సొంత మొహంతో ఇళ్ళలోకి వచ్చింది ఆ డిస్క్‌తోనే. చరిత్రకారుడు పీటర్ కౌవీ చెప్పిన ఆడియో వ్యాఖ్యానం ఉంది. రెన్వార్ స్వయంగా కనిపించి సినిమా గురించి మాట్లాడే పాత ట్రైలర్ ఉంది. ఈ రెండింటి కోసమే దాన్ని దాచుకోమంటున్నాను.

బొమ్మ విషయంలో మాత్రం దాని కాలం అయిపోయింది. అమెరికా డీవీడీలో నిలువుగా 480 గీతలే. అప్పటి డబ్బా టీవీలో అది చాలు. ఇప్పటి 55 అంగుళాల టీవీలో దూరంగా నిలబడ్డ మనిషి ముఖం అలుక్కుపోతుంది. ముద్రణ కూడా ఆగిపోయింది కాబట్టి పాత సరుకు అమ్మేవాళ్ళ దగ్గరే వెతకాలి. అరుదైన వస్తువని చెప్పి బ్లూరే కన్నా ఎక్కువ ధర అడిగితే ఇవ్వకండి.

2012 బ్లూరే

సినిమాకు 75 ఏళ్ళు నిండే సమయానికి స్టూడియోకెనాల్, తులూజ్ సినిమాటెక్ కలిసి మళ్ళీ మొదటి నుంచి పని చేశాయి. ఆ నైట్రేట్ నెగెటివ్‌ను ఇటలీలోని బొలోన్యాలో లిమ్మాజినే రిత్రోవాతా అనే ల్యాబ్ 4కేలో స్కాన్ చేసింది. యూరప్‌లో స్టూడియోకెనాల్ పేరుతో, అమెరికాలో లయన్స్‌గేట్ ద్వారా 2012లో బ్లూరే వచ్చింది. రెండింటిలోనూ మూలం ఒకటే. ఒక్క మాట గుర్తుంచుకోండి. '4కే పునరుద్ధరణ' అని ఉన్నంత మాత్రాన మీ చేతిలోది 4కే డిస్క్ కాదు. స్కాన్ 4కే, బ్లూరే 1080 గీతలు. అందులో మోసమేమీ లేదు. ఎక్కువ వివరంతో స్కాన్ చేసి కిందికి దించితే బొమ్మ బాగా వస్తుంది.

దీంట్లో నాకు బాగా నచ్చింది, గ్రెయిన్‌ను ఉంచడం. గ్రెయిన్ అంటే ఫిల్ము మీది వెండి రేణువుల వల్ల కనిపించే సన్నటి కదలిక. టీవీ సీరియల్స్‌కు అలవాటుపడిన కళ్ళకు అది 'దుమ్ము'లా అనిపిస్తుంది. దుమ్మూ గీతలూ ఫిల్ము మీద తర్వాత పడినవి, వాటిని తీసేయాలి. గ్రెయిన్ ఫిల్ములోదే, బొమ్మే దానితో తయారైంది. కంప్యూటర్‌తో దాన్ని నున్నగా చెరిపేస్తే ముఖాలు మైనం బొమ్మల్లా తయారవుతాయి, ఉన్ని బట్ట నేత పోతుంది. గాబాఁ వేసుకున్న యూనిఫాం చూడండి. అది రెన్వార్ మొదటి యుద్ధంలో పైలట్‌గా ఉన్నప్పుడు తొడుక్కున్న సొంత యూనిఫామే. బ్లూరేలో ఆ బట్ట బరువు, నలుగుడు కనబడతాయి. చవక కాపీలో అది ఒక నల్ల మచ్చ.

అదనపు వీడియోల్లో జినెట్ వాంసాందో పరిచయం, ఒలివియే క్యూర్షో చెప్పే విడుదల నాటి గొడవల కథ బాగున్నాయి. నెగెటివ్ ప్రయాణం మీద ఉన్న భాగాన్ని మాత్రం తప్పకుండా చూడండి. నేనైతే సినిమా కన్నా ముందు అదే చూడమంటాను, అందులో కథ బయటపడే విషయాలు పెద్దగా లేవు.

ఏ సీన్ పెట్టి చూడాలి

రెండు కాపీలు చేతిలో ఉంటే లేదా ఎక్కడైనా ముక్కలు చూసి తేల్చుకోవాలంటే నేను నాలుగు చోట్లు చూస్తాను.

మొదటిది కిటికీలు. రెన్వార్, ఛాయాగ్రాహకుడు క్రిస్టియాఁ మాత్రా ఈ సినిమాలో గది లోపల మాట్లాడుకునేవాళ్ళను, కిటికీ అవతల కవాతు చేసే సైనికులను ఒకే ఫ్రేములో పెట్టారు. లోపల ఖైదీలు, బయట రేపు యుద్ధానికి వెళ్ళబోయే కుర్రాళ్ళు. సినిమా చెప్పదలచుకున్నదంతా ఆ రెండింటి మధ్య ఉంది. చెడ్డ కాపీలో కిటికీ ఒక తెల్ల కాగితంలా ఉంటుంది. అవతల ఎవరూ ఉండరు. నేను ముందు చెప్పిన డిస్క్‌లో నాకు అర్థం కానిది ఇదే: వీళ్ళు ఏం చూసి మాట్లాడుతున్నారు అని.

రెండోది స్ట్రోహైమ్ వేసిన జర్మన్ అధికారి రౌఫెన్‌స్టైన్ గది. అల్సాస్‌లోని ఓ-క్యోనిగ్స్‌బూర్ కోట దగ్గర తీసిన భాగంలో వస్తుంది. గది ఒకప్పటి ప్రార్థనా మందిరం. పెద్ద శిలువ, తెల్ల చేతి తొడుగులు, మెడకు పట్టీ, కిటికీ దగ్గర కుండీలో ఒకే ఒక జెరేనియం పువ్వు. ఆ కోట మొత్తానికి అదొక్కటే పువ్వు. తెలుపులోనే నాలుగైదు రకాల తెలుపు కనిపించాలి ఇక్కడ. తొడుగు తెలుపు వేరు, దుప్పటి తెలుపు వేరు, కిటికీ వెలుతురు వేరు.

మూడోది రాత్రి కోట మీద సెర్చ్‌లైట్లు తిరిగే సీన్. నలుపు పూర్తిగా మూసుకుపోతే రాళ్ళ మెట్లు కనబడవు. నలుపు తేలిపోతే రాత్రిలా ఉండదు.

నాలుగోది చివరి మంచు. విశాలమైన తెల్లటి లోయలో ఇద్దరు మనుషులు చీమల్లా నడుస్తూ ఉంటారు. ఫిల్ము మీద ఏ చిన్న గీత ఉన్నా తెల్లటి నేల మీద దొరికిపోతుంది. ఇంటర్నెట్ కాపీల్లో డేటా తక్కువైతే మంచు చదరాలు చదరాలుగా విడిపోతుంది, ఆ ఇద్దరూ ఆ చదరాల్లో కలిసిపోతారు. వాళ్ళు కనబడకపోతే ముగింపే లేదు.

ధ్వని కోసం ఒక్క సీన్ చాలు. ఖైదీలు నాటకం వేస్తుండగా దువోమాఁ కోటను ఫ్రెంచ్ సైన్యం తిరిగి గెలుచుకుందని తెలుస్తుంది. స్త్రీ వేషంలో ఉన్న ఇంగ్లిష్ సైనికుడు విగ్గు తీసేసి ఫ్రెంచ్ జాతీయగీతం మార్సెయేజ్ వాయించమంటాడు. 1937 నాటి మోనో ట్రాక్‌లో కొంచెం బుస ఉండడం సహజం. దాన్ని పూర్తిగా తుడిచేసిన కాపీల్లో ఆ పాట దుప్పటి కింద నుంచి పాడినట్టు వినిపిస్తుంది. మోనోలోనే వినండి. ఐదు స్పీకర్లకు పంచిన ధ్వని ఎక్కడైనా కనబడితే దాని కోసం అదనంగా డబ్బు పెట్టకండి.

సబ్‌టైటిల్స్ గురించి కొంచెం ఎక్కువగా

మనలో చాలామందికి ఫ్రెంచ్ రాదు, జర్మన్ రాదు. అంటే డిస్క్‌లో సగం మనకు సబ్‌టైటిలే. ఈ సినిమాలోనైతే ఎవరు ఏ భాషలో మాట్లాడుతున్నారన్నదే కథ. ఫ్రెంచ్ దొరకుటుంబీకుడు బ్వాల్‌ద్యూ, జర్మన్ దొరకుటుంబీకుడు రౌఫెన్‌స్టైన్, ఇద్దరూ కీలకమైన చోట ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. చుట్టూ ఉన్న ఇరుపక్షాల సిపాయిలకూ అర్థం కాని భాష అది, ఆ ఇద్దరి వర్గం భాష. ఇంకోచోట గాబాఁ పాత్ర మారెషాల్, తాము తవ్విన సొరంగం గురించి కొత్తగా వచ్చిన ఇంగ్లిష్ ఖైదీకి చెప్పాలని తంటాలు పడతాడు. ఇతనికి ఇంగ్లిష్ రాదు, అతనికి ఫ్రెంచ్ రాదు. చెవితో వింటూ చదివితే గుండె కలుక్కుమంటుంది. అక్షరాలు మాత్రమే చదివితే అన్నీ ఒకే భాషలా కనిపించి ఏం జరిగిందో తెలియదు. కాబట్టి ఇంగ్లిష్‌లోకి డబ్ చేసిన ట్రాక్ పెట్టుకోవద్దు.

ఒక విషయంలో తెలుగువాళ్ళం అదృష్టవంతులం. ఏడాదిన్నర కలిసి ఉన్నా మనమింకా ఒకరినొకరు 'మీరు' అనే పిలుచుకుంటున్నామని మారెషాల్ అంటే, బ్వాల్‌ద్యూ తన తల్లినీ భార్యనీ కూడా 'మీరు' అనే పిలుస్తానంటాడు. ఫ్రెంచ్‌లో 'వూ', 'త్యూ' తేడా అది. ఇంగ్లిష్‌లో ఆ తేడా లేదు, సబ్‌టైటిల్ రాసినవాళ్ళు చుట్టు తిరిగి చెప్పాలి. మనకు మాత్రం వెంటనే అర్థమవుతుంది. మారెషాల్ ఎంత దగ్గరకు వద్దామన్నా బ్వాల్‌ద్యూ ఎంత దూరంలో నిలబడ్డాడో ఆ ఒక్క 'మీరు'లో ఉంది. ఆ సీన్‌లో 'వూ' అన్న శబ్దాన్ని చెవితో పట్టుకోండి.

కొనేముందు చూడాల్సింది ఒకటే. సబ్‌టైటిల్స్ ఆపేయగలిగేలా విడిగా ఉండాలి, బొమ్మలో అచ్చయి ఉండకూడదు. ఫ్రాన్స్‌లో అమ్మే డిస్క్ కొనేవాళ్ళు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో కవర్ వెనక చదివి గానీ డబ్బు కట్టవద్దు.

రీజియన్ టెన్షన్

ఇక్కడ నేను దెబ్బతిన్నాను. అమెరికా నుంచి వస్తున్న చుట్టాల చేత ఒక బ్లూరే తెప్పించుకుంటే హైదరాబాద్‌లోని నా ప్లేయర్ దాన్ని ఆడించనే లేదు. కంపెనీలు డిస్కులను ప్రాంతాలవారీగా లాక్ చేస్తాయి. బ్లూరేలకు అమెరికా 'ఎ' (A) ప్రాంతం; బ్రిటన్, పశ్చిమ యూరప్, ఆస్ట్రేలియా, గల్ఫ్ దేశాలు 'బి'; భారతదేశం 'సి'. డీవీడీలకు లెక్క వేరు: అమెరికా 1, బ్రిటన్, గల్ఫ్ 2, ఆస్ట్రేలియా 4, మనది 5. డిస్క్ వెనక చిన్న గుర్తులో ఇది ఉంటుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళకు అమెరికా బ్లూరే హాయిగా ఆడుతుంది. లండన్‌లో, దుబాయ్‌లో ఉన్నవాళ్ళు యూరప్ డిస్క్ తీసుకోవచ్చు. మన దగ్గర ఉన్నవాళ్ళు మాత్రం అన్ని ప్రాంతాల డిస్కులూ ఆడే ప్లేయర్ ఉంటేనే ముందుకు వెళ్ళాలి. పాత సినిమాలు నాలుగైదు కొనే ఆలోచన ఉంటే అలాంటి ప్లేయర్‌కు పెట్టే డబ్బు వృథా కాదు. ఒక్క సినిమా కోసమైతే నేను కొనమనను.

ప్లేయర్ లేనివాళ్ళకు ఆన్‌లైన్‌లో అద్దెకు తీసుకుని చూడడమే దారి. అందులో తప్పేమీ లేదు, 2012 పునరుద్ధరణ అయితే చాలు. గుర్తుపట్టడానికి ముందు నిడివి చూడండి. పూర్తి సినిమా సుమారు 114 నిమిషాలు. యూరప్ డీవీడీలో 109 నిమిషాలు అని ఉంటే కంగారు పడకండి. అక్కడి పాల్ (PAL) అనే టీవీ పద్ధతిలో సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేములతో నడుపుతారు కాబట్టి తొందరగా అయిపోతుంది, గొంతులు కూడా కాస్త సన్నబడతాయి. గంటన్నర చిల్లర మాత్రమే ఉంటే అది కోతలు పడిన రూపం, వదిలేయండి. మంచు సీన్‌కు వెళ్ళి చదరాలు ఉన్నాయేమో చూడండి.

రంగుల గురించి కూడా అడుగుతుంటారు. మనకు పాత సినిమాను బాగు చేయడం అనగానే 2010లో రంగులద్ది, కొత్త ధ్వనితో విడుదల చేసిన 'మాయాబజార్' గుర్తొస్తుంది. అది వేరే పని, దాన్ని ఇష్టపడేవాళ్ళను నేను కాదనను. కానీ ఈ సినిమాకు రంగు అక్కర్లేదు. మారెషాల్ జర్మన్ రైతు ఇంట్లో పాప గురించి కష్టపడి కూడబలుక్కుని ఒక జర్మన్ వాక్యం చెబుతాడు, లోట్టె కళ్ళు నీలం అని. ఆ నీలం మనకు తెర మీద కనబడదు, అతని గొంతులో వినబడుతుంది.

ఇక డిస్క్ పెట్టే ముందు టీవీ సెట్టింగ్స్. కదలికను నున్నగా చేసే ఆప్షన్, నాయిస్ రిడక్షన్ రెండూ ఆపేయండి. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ లేదా సినిమా మోడ్ ఉంటే అది పెట్టండి. లేకపోతే ల్యాబ్ వాళ్ళు జాగ్రత్తగా కాపాడిన గ్రెయిన్‌ను మీ టీవీయే చెరిపేస్తుంది. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, ఈ సినిమా ఆకారం దాదాపు చదరం. తెర నిండాలని జూమ్ చేస్తే రెన్వార్ ఫ్రేము పైన ఉంచిన తలలు, కింద ఉంచిన చేతులు తెగిపోతాయి. గది లైట్లు ఆపి, కిటికీ అవతల కవాతు చేసే కుర్రాళ్ళు కనిపించేదాకా బ్రైట్‌నెస్ సరిచేసుకుని మొదలుపెట్టండి.